చెక్క అచ్చులో ఎల్లోరా పదో గుహ: జపనీయ పద్ధతిలో 15 అద్దకాల ప్రింట్ తయారీ

కొండను తొలిచిన గుడిని బొమ్మగా వేయడంలో ఒక చిక్కుంది. స్తంభం, గోడ, కప్పు, విగ్రహం అన్నీ ఒకే రాయి, ఒకే రంగు. ఒకదాని నుంచి ఇంకొకటి విడిగా కనిపించేది వాటి మీద పడే వెలుగులోని తేడా వల్లే. నల్ల గీత గీసి మధ్యలో రంగు నింపే పాత ఉకియో-ఎ (జపాన్ సంప్రదాయ చెక్క అచ్చుల బొమ్మలు) పద్ధతిలో ఈ గుహను వేస్తే రాయి బరువు రాదు, పిల్లల రంగుల పుస్తకంలా ఉంటుంది. రాయి రావాలంటే గీతను తగ్గించి, పలుచని రంగును పొర మీద పొరగా అద్దాలి.

ఈ దారిని బాగా పట్టుకున్నవాడు యోషిదా హిరోషి (1876–1950). తైలవర్ణాల్లో, నీటిరంగుల్లో చెయ్యి తిరిగిన చిత్రకారుడు ఆయన. 1925 నుంచి సొంత పనిశాలలో చెక్క అచ్చుల ప్రింట్లు తీశాడు. 1930 చివర్లో కొడుకు తోషీని వెంటబెట్టుకుని భారతదేశానికి వచ్చాడు. ఆ ప్రయాణం నుంచి 1931–32లో వచ్చిన ప్రింట్లలో తాజ్‌మహల్, మదురై గుడితో పాటు అజంతా, ఎల్లోరా గుహలు కూడా ఉన్నాయి. ఆయన వచ్చేనాటికి ఆ రెండు చోట్లూ నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ రాజ్యంలోనివే. వాటి బాగోగులు చూసింది గులాం యజ్దానీ నడిపిన హైదరాబాద్ పురావస్తు శాఖ. ఆ గుహలున్న ఔరంగాబాద్ జిల్లా 1956 దాకా అదే రాష్ట్రంలో ఉంది.

ఇక్కడ చెప్పేది ఆయన ప్రింట్‌కు నకలు తీయడం కాదు. ఆయన వాడిన పనిముట్లతో, పొరల పద్ధతితో ఎల్లోరా పదో గుహ లోపలి దృశ్యాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా తయారు చేయాలో.

ఏ దృశ్యం, ఏ వెలుగు

పదో గుహ క్రీ.శ. ఏడో శతాబ్దపు బౌద్ధ చైత్యం. స్థానికంగా దాన్ని సుతార్ కా ఝోపడా, అంటే వడ్రంగి గుడిసె అంటారు. విశ్వకర్మ గుహ అన్నా ఇదే. కప్పు లోపలివైపు దూలాల్లా, వాసాల్లా వంపు తిరిగిన పక్కటెముకలు వరసగా ఉంటాయి. అవి చెక్కవి కావు. చెక్క కట్టడాన్ని చూసి రాతిలో తీసినవి. చెక్కను అనుకరించిన ఆ రాతిని మళ్ళీ చెక్క మీదే చెక్కబోతున్నాం, అందుకే ఈ పద్ధతికి ఇంతకన్నా తగిన గుహ దొరకదు.

హాలుకు రెండు వైపులా కలిపి 28 ఎనిమిది పలకల స్తంభాలు. చివర స్తూపం, దాని ముందు కాళ్ళు కిందికి దించి కూర్చున్న బుద్ధుడు, దాదాపు 15 అడుగుల ఎత్తు. ఎల్లోరా గుహలున్న కొండవాలు పడమరకు తిరిగి ఉంటుంది కాబట్టి ముందువైపు పై కిటికీలోంచి వెలుగు మధ్యాహ్నం దాటాకే లోపలికి బాగా వస్తుంది. స్కెచ్చులు, ఫోటోలు ఆ వేళలోనే తీసుకోండి. మంగళవారం ఎల్లోరాకు సెలవు.

ఫోటోలు రెండు రకాలుగా తీయాలి. ఒకటి వెలుగు పడిన బుద్ధుడి ముఖం చెదరకుండా, రెండోది పక్క నడవల చీకట్లో ఏముందో కనిపించేలా. ఒకే ఫోటోలో ఈ రెండూ రావు. ఫోన్ తనంతట తాను రెండింటినీ కలిపి ఇచ్చే ఫోటోను అసలు నమ్మొద్దు. అది చీకటిని లేపేస్తుంది, మనకు కావలసింది ఆ చీకటే.

వెలుగును ఐదు మెట్లుగా విడదీయడం

బొమ్మ కొలత 24 × 36 సెం.మీ., నిలువు. ఫోటోను నలుపు-తెలుపులోకి మార్చి, కళ్ళు సగం మూసి చూడండి. కనిపించే వెలుగును ఐదు మెట్లకు కుదించాలి.

మొదటి మెట్టు ఉత్త కాగితం, రంగే అంటనిది. బుద్ధుడి నుదురు, భుజాలు, మోకాళ్ళు, స్తూపం గుండ్రాన పైభాగం, దగ్గరి స్తంభాల మీద ఒకటి రెండు సన్నటి పట్టీలు. బొమ్మ మొత్తంలో ఇది ఇరవయ్యో వంతు దాటకూడదు. దాటితే గుహ లోపల ట్యూబ్‌లైటు పెట్టినట్టుంటుంది. రెండో మెట్టు వెలుగు తగిలిన రాయి, మూడోది మామూలు రాయి, నాలుగోది స్తంభాల నీడ, ఎముకల మధ్య సందులు. ఐదోది పక్క నడవల్లోని కటిక చీకటి.

ఇక గీత. పక్కటెముకలకు రెండు అంచులూ గీయకండి, నీడవైపు అంచు ఒక్కటి చాలు. చీకట్లో కలిసే చోట గీతను ఆపేయండి. దగ్గరి ఎముక గీత 0.6 మి.మీ. ఉంటే, స్తూపం వెనక ముడుచుకునే ఎముకలకు 0.25 మి.మీ.కి తగ్గాలి. ఈ ఒక్క తేడాతోనే హాలుకు లోతు వస్తుంది.

సామాను

నాలుగు పలకలు, ఒక్కొక్కటి 32 × 45 సెం.మీ., 9 మి.మీ. మందం. రెండు వైపులా చెక్కితే ఎనిమిది అచ్చులు వస్తాయి. జపాన్‌లో గీత అచ్చుకు అడవి చెర్రీ చెక్క వాడేవారు. ఇప్పుడు ఎక్కువ మంది వాడేది షినా ప్లైవుడ్. మెత్తగా తెగుతుంది, వంకరపోదు. అది దొరక్కపోతే నాణ్యమైన బర్చ్ ప్లైవుడ్ తీసుకోండి. కొంచెం గట్టి, కత్తిని ఎక్కువసార్లు నూరాల్సి వస్తుంది. మామూలు మెరైన్ ప్లై వద్దు, నార పెళుసుగా లేస్తుంది.

పెడనలో కలంకారీ అచ్చులకు టేకు వాడతారు కదా అన్న ప్రశ్న మనవాళ్ళకు సహజంగా వస్తుంది. బట్ట మీద చిక్కటి రంగుకు టేకు అద్భుతం. కానీ టేకు రంధ్రాలు పెద్దవి. పలుచని నీటిరంగు, సన్నటి కాగితం దగ్గరకొచ్చేసరికి ఆ రంధ్రాలన్నీ తెల్లటి గీరలుగా బయటపడతాయి.

పనిముట్లలో ముఖ్యమైనది హాంగితో, వాలు అంచున్న గీత కత్తి, 4.5 లేక 6 మి.మీ. దానికి తోడు 3, 6, 12 మి.మీ. గుండ్రటి నోటి ఉలులు, మూలలు శుభ్రం చేయడానికి 3 మి.మీ. చదును ఉలి, కెంతో గుర్తులు, అంటే కాగితం ప్రతిసారీ ఒకే చోట కూర్చునేలా పలక మీద చెక్కే గుర్తులు, తీయడానికి 15 మి.మీ. ఉలి. సానరాళ్ళు 1000, 6000 నంబర్లవి రెండు. కత్తి మొద్దుబారితే చెక్క తెగదు, నలుగుతుంది. నలిగిన అంచు తడికి ఉబ్బి గీత మందమవుతుంది. గంటకోసారి 6000 రాయి మీద పది పదిహేను తోపులు తోయండి.

రుద్దడానికి బారెన్ కావాలి. వెదురు పొరతో కప్పిన గుండ్రటి బిళ్ళ, లోపల తాడు చుట్ట. అసలైన చేతి బారెన్ ఖరీదెక్కువ. మొదటి ప్రింట్‌కు మధ్యరకం తాడు చుట్ట బారెనో, ప్లాస్టిక్ బొడిపెల బారెనో సరిపోతుంది. గరిటెతో రుద్దితే గీత అచ్చు వస్తుంది గానీ వెడల్పాటి రంగు చారలు పడుతుంది. రంగు పూయడానికి గుర్రపు వెంట్రుకల బ్రష్షులు, షూ పాలిష్ బ్రష్ లాంటివే, పెద్దవి రెండు, చిన్నవి మూడు. కొత్త బ్రష్షు కొసలు బిరుసుగా ఉంటాయి. సొరచేప తోలు మీదో, సన్నటి గరుకు కాగితం మీదో తడిపి రుద్దితే కొసలు చీలి మెత్తబడతాయి.

గీతను పలక మీదికి దించడం

గీతను పలుచని కోజో (జపాన్ మల్బరీ నార) కాగితం మీద నల్ల సిరాతో గీయండి. బొమ్మతో పాటు కెంతో గుర్తులు కూడా అదే కాగితం మీద ఉండాలి. పలక మీద పలుచగా గంజి రాసి, బొమ్మవైపు కిందికి ఉండేలా అతికించండి. అప్పుడు బొమ్మ తిరగబడుతుంది, అచ్చు వేశాక సరిగ్గా వస్తుంది. కాగితాన్ని లాగకండి. ఒక అంచు ఆనించి, అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమరండి. పావు సెంటీమీటరు సాగినా స్తంభాలు వంగుతాయి.

అరగంట ఆరాక వేలు కొద్దిగా తడి చేసి కాగితం వెనక పొరను ఉండలు చుట్టినట్టు రుద్ది తీసేయండి. గీత ఉన్న పొర చెక్కకు అంటుకుని ఉంటుంది. ఇంకా స్పష్టంగా కనబడాలంటే ఒక చుక్క నూనె రాయండి.

చెక్కడం: ఒక ఎముకను దగ్గరగా చూస్తే

కత్తిని పెన్నులా కాదు, బాకులా పిడికిట్లో పట్టాలి. బొటనవేలు పిడి మీద, రెండో చేతి వేళ్ళు కత్తి మొన పక్కన దారి చూపుతూ. కోత మీ వైపుకే వస్తుంది.

ఎడమ పక్కటెముక గీత ఒకదాన్ని తీసుకోండి. గీత కుడి అంచు వెంట, కత్తి మొన గీత నుంచి బయటికి పోయేలా కొద్దిగా వాల్చి, 1 మి.మీ. లోతున ఒకే ఊపులో లాగండి. వంపు తిరిగేటప్పుడు తిప్పాల్సింది పలకను, మణికట్టును కాదు. తర్వాత అదే కోతకు 2 మి.మీ. దూరం నుంచి ఎదురు వాలుతో రెండో కోత. రెండు కోతలూ అడుగున కలిస్తే సన్నటి పొట్టు దారంలా చుట్టుకుని లేస్తుంది. లేవకపోతే రెండో కోత లోతు చాల్లేదన్నమాట. గోటితో పీకొద్దు, మళ్ళీ కోయండి. ఇప్పుడు గీత ఎడమ అంచుకు ఇదే పని.

వాలు ఎందుకంటే గీత అడ్డకోతలో గుడారంలా, కింద వెడల్పుగా నిలబడాలి. కత్తి మొన పొరపాటున గీత లోపలికి పోతే గీత కింద సన్నబడుతుంది. మొదటి ప్రూఫులో తేడా తెలియదు. పదో కాగితం దగ్గర, బ్రష్షు అడ్డంగా తగిలినప్పుడు, ముక్క ఊడుతుంది. ఊడిన ముక్క దొరికితే వెంటనే వడ్రంగి జిగురుతో అతికించండి. దొరక్కపోతే ఆ చోట చిన్న చతురస్రం తొలిచి, అదే చెక్క ముక్కను నార దిశ కలిసేలా బిగించి మళ్ళీ చెక్కాలి. జపనీయులు దీన్ని ఇరెకి అంటారు. పాత పనివాళ్ళ పలకల్లోనూ ఈ అతుకులుండేవి, ఇందులో నామోషీ లేదు.

గీతలన్నీ కోశాక ఖాళీలు తీయాలి. గీత పక్కన 1–1.5 మి.మీ. లోతు చాలు. దూరం పోయేకొద్దీ లోతు పెరగాలి. మూడు సెంటీమీటర్ల కన్నా వెడల్పైన ఖాళీల్లో 3 మి.మీ. ఉండాలి. తడి కాగితం బారెన్ కింద ఊయలలా కిందికి జారుతుంది, లోతు లేకపోతే అడుగున ఉన్న రంగును తుడుచుకుని వస్తుంది. 3.5 మి.మీ. మాత్రం దాటొద్దు, పలక వెనకవైపు కూడా అచ్చు ఉంది.

కెంతో: అన్నీ దీని మీదే

15 అద్దకాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడానికి కెంతో తప్ప వేరే ఆధారం లేదు. పలక పొడవు అంచు మీ వైపు ఉండేలా పెట్టండి. కుడి మూలన ఒక ఎల్ ఆకారపు గుర్తు, ఎడమ వైపు కాగితం పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో ఒక తిన్నని గుర్తు. కాగితం 29 × 41 సెం.మీ., బొమ్మ చుట్టూ 2.5 సెం.మీ. అంచు, కాగితం దాటి పలక మరో ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు. ఆ అంచులోనే గుర్తులు కూర్చుంటాయి.

గుర్తు గోడ నిటారుగా, పదునుగా ఉండాలి. లోతు ఒక మిల్లీమీటరుకు లోపే. ఎక్కువ లోతు తీస్తే కాగితం అంచు అందులోకి దిగి వంగుతుంది, ప్రతిసారీ ఒక్కోలా వంగుతుంది. గోడ నుంచి లోపలికి నేల వాలుగా పైకి లేచి పలక మట్టానికి కలవాలి.

రంగు అచ్చులు

గీత అచ్చు, కెంతో గుర్తులు పూర్తయ్యాక వాటికి సిరా పూసి, పలుచని కాగితం మీద కెంతో గుర్తులతో సహా ఎనిమిది ముద్రలు తీయండి. ఇవి పొడి కాగితం మీదే తీయాలి. తడి కాగితం సాగి, ఆరాక ముడుచుకుని, రంగు అచ్చుల కొలత తప్పిస్తుంది. ఒక్కో ముద్ర మీద ఒక్కో రంగు ప్రాంతాన్ని ఎర్ర పెన్సిల్‌తో నింపి, గీతను అతికించినట్టే మిగతా ఏడు పలక ముఖాల మీద అతికించండి. ఎనిమిదో ముద్ర మీ దగ్గర పటంగా ఉంచుకోండి.

ఏడు అచ్చుల పంపకం ఇది. ఒకటో అచ్చు ఉత్త కాగితంగా మిగలాల్సిన చోట్లు తప్ప బొమ్మంతా. రెండోది వెలుగు తగలని రాయి అంతా. మూడోది ఎముకల మధ్య సందులు. నాలుగోది స్తంభాల నీడ పలకలు. ఐదోది బుద్ధుడు, స్తూపం మీది నీడలు. ఆరోది పక్క నడవల చీకటి. ఏడోది బూడిద అచ్చు. దీన్ని నెజుమిబాన్ అంటారు, నెజుమి అంటే ఎలుక, ఎలుక రంగు అని. యోషిదా ప్రింట్లలో కనిపించే మసక లోతు చాలావరకు ఈ బూడిద పొర పుణ్యమే. విడివిడి రంగులను ఒకే గాలి కింద ఉన్నట్టు కలుపుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ప్రతి రంగు అచ్చు పక్క అచ్చు కిందికి అర మిల్లీమీటరు చొరబడాలి. అంచుకు అంచు సరిగ్గా కోస్తే, కాగితం వెంట్రుకవాసి కదిలినా తెల్లటి సందు కనిపిస్తుంది. చీకటి గుహలో ఆ తెల్ల సందు పగులులా అరుస్తుంది.

ఐదో అచ్చులో స్తూపం గుండ్రతనానికి అంచును నిట్టనిలువుగా కోయకండి. చదును ఉలితో అంచును సెంటీమీటరు మేర వాలుగా, లోపలికి జారేలా చెక్కి గరుకు కాగితంతో నునుపు చేయండి. బారెన్ ఒత్తిడి ఆ వాలు మీద క్రమంగా తగ్గి రంగు కరిగిపోయినట్టు ముగుస్తుంది. ఇతాబొకాషి అనే ఈ పద్ధతికి రాతి వంపులు చక్కగా లొంగుతాయి.

కాగితం, చెమ్మ

కోజో నారతో చేసిన వాషి, అంటే జపనీయ కాగితం, కావాలి. దాని పొడవాటి పోగులే 15 సార్లు రుద్దినా చిరగకుండా కాపాడతాయి. దోసా, అంటే జిగురు, పటిక కలిపిన పూత, పట్టించిన కాగితమే కొనండి. గుర్తుపట్టడం తేలిక: మూలన నీటి చుక్క వేస్తే కొన్ని సెకన్లు ముత్యంలా నిలవాలి. వెంటనే పీల్చుకుంటే దోసా లేనట్టు. అలాంటి కాగితానికి మీరే పట్టించవచ్చు: లీటరు నీటికి 20 గ్రాముల శుద్ధమైన జంతు జిగురు, 8 గ్రాముల పటిక. జిగురును రాత్రంతా నానబెట్టి 60 డిగ్రీలు దాటకుండా వేడి చేసి కరిగించి, చివర పటిక కలిపి, వెడల్పాటి కుంచెతో పూసి దండెం మీద ఆరబెట్టాలి. మరిగిస్తే జిగురు పట్టు పోతుంది. వడ్రంగుల సరేసు వాడొద్దు, పసుపు మరక మిగులుస్తుంది.

పన్నెండు కాగితాలు కోయండి. ఎనిమిది మంచివి దక్కితే మొదటిసారికి గొప్పే. కెంతోలో కూర్చునే మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి. ఆ మూలకు వెనకవైపు పెన్సిల్ చుక్క పెట్టుకోండి.

ముందురోజు సాయంత్రం చెమ్మ పట్టించాలి. పాత వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది. ముద్రించని న్యూస్‌ప్రింట్ తీసుకుని నీళ్ళ కుంచెతో ఒక షీటు తడపండి, దాని మీద రెండు వాషి కాగితాలు, మళ్ళీ తడి షీటు, ఇలా దొంతర పేర్చండి. ప్లాస్టిక్ కవరులో చుట్టి, పైన చెక్క పలక బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. మెరుపు కనబడితే నీళ్ళెక్కువైనట్టు, పొడి షీట్ల మధ్య గంటసేపు ఉంచండి.

మన వేసవిలో ఇదే పెద్ద పరీక్ష. మే నెలలో ఫ్యాన్ కింద కాగితం అంచులు నిమిషాల్లో ఆరి ముడుచుకుంటాయి, మధ్యభాగం తడిగానే ఉంటుంది, ఇక కెంతో కలవదు. ఉక్కపోసినా ఫ్యాన్ ఆపాలి. వాడుతున్న కాగితం తప్ప మిగతావన్నీ కవరులోనే ఉండాలి. వానాకాలంలో దీనికి తిరగబడిన బాధ, మూడో రోజుకే బూజు. పని మధ్యలో ఆపాల్సి వస్తే దొంతరను కవరుతో సహా ఫ్రీజర్‌లో పెట్టండి.

గంజి, రంగులు

జపనీయుల నోరి మన బియ్యప్పిండి గంజే. సన్నటి పిండి 10 గ్రాములు, నీళ్ళు 100 మి.లీ. చల్లటి నీళ్ళలోనే ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద ఆపకుండా తిప్పుతూ, తెల్లదనం పోయి గాజులా మెరిసేదాకా ఉడికించండి. చల్లారాక మెత్తటి పెరుగులా ఉండాలి. గుడ్డతో వడకట్టండి. ఉప్పు, పటిక ఏమీ కలపొద్దు. ఫ్రిజ్‌లో మూడు రోజులు.

రంగులకు ట్యూబు నీటిరంగులు సరిపోతాయి: ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెనా, బర్న్ట్ అంబర్, ప్రష్యన్ బ్లూ, వీటికి తోడు సుమి అనే జపనీయ నల్ల సిరా. ఎల్లోరా రాయి దక్కన్ బసాల్ట్. గోధుమ, బూడిద కలిసి నీడలో కొంచెం పచ్చదనం చూపిస్తుంది. ఓకర్‌లో ప్రష్యన్ బ్లూ సూదిమొనంత కలిపితే ఆ పచ్చ ఛాయ వస్తుంది. మొదటి పొరకు 40 మి.లీ. నీటిలో శనగగింజంత ఓకర్, ఒక చుక్క సుమి. పలుచనైపోయిందేమో అనిపించాలి, అదే సరైన పాళం. రంగును గిన్నెలో చూసి నమ్మకండి. తడి కాగితం మీద కనిపించే రంగు ఆరాక ఒక మెట్టు తేలిపోతుంది. ప్రతి రంగునూ ముక్క కాగితం మీద అద్ది, ఆరబెట్టి చూశాకే మొదలుపెట్టండి.

అద్దడం

అచ్చును ముందుగా తడి గుడ్డతో తుడవండి. పొడి చెక్క మొదటి రెండు మూడు కాగితాల రంగును తాగేస్తుంది. అచ్చు మీద రంగు నాలుగైదు చుక్కలు, మినపగింజంత గంజి రెండు చోట్ల. బ్రష్షుతో గుండ్రంగా కలిపి, చివర నార దిశలో తేలికగా లాగండి. అచ్చును ఏటవాలుగా చూడండి. సన్నటి తడి మెరుపు సమానంగా ఉండాలి, ఎక్కడా రంగు మడుగు కట్టకూడదు. సగం తప్పులు ఈ ఒక్క చూపుతో ఆగిపోతాయి.

కాగితాన్ని కుడి చేతి చూపుడు, మధ్య వేళ్ళ మధ్య మూల దగ్గర పట్టి ముందు ఎల్ గుర్తులో కూర్చోబెట్టండి. కదలకుండా ఎడమ బొటనవేలితో తిన్నని గుర్తుకు ఆనించండి. అప్పుడే మిగతా కాగితాన్ని వదలాలి. బారెన్‌తో అడ్డదిడ్డంగా కాకుండా పాములా మలుపులు తిప్పుతూ, చివర ఒకసారి వెడల్పుగా రుద్దండి. భుజం బరువు పడాలి, వేళ్ళది కాదు. బారెన్ ముక్కుతూ జారితే నూనె గుడ్డ మీద ఒకసారి తుడవండి.

ఒకే అద్దకం పన్నెండు కాగితాలకూ పూర్తిచేసి, దొంతరలోకి చేర్చి, తర్వాతి అచ్చు తీయండి. కాగితానికి మూడు నాలుగు నిమిషాలు, అద్దకానికి ముప్పావు గంట. మూడు రోజుల పని.

వరుస ఇలా సాగుతుంది. మొదటి అద్దకం గీత అచ్చు, నల్లగా కాదు, పలుచని గోధుమ బూడిదలో. పై పొరలు పడేకొద్దీ అది రాయిలో కలిసిపోతుంది, అప్పటిదాకా కెంతో తప్పిందో లేదో చెబుతుంది. రెండు, మూడు అద్దకాలు ఒకటో అచ్చు, అదే పలుచని రంగు రెండుసార్లు. ఒక్క చిక్కటి అద్దకం మచ్చలు పడుతుంది, రెండు పలుచనివి ఒకదాని లోపాన్ని ఇంకొకటి కప్పుతాయి. నాలుగోది రెండో అచ్చు, అంబర్ కలిపిన బూడిద. ఐదోది అదే అచ్చు మీద బొకాషి: పైన కప్పు వైపు నీలి బూడిద చిక్కగా, కిందికి వచ్చేసరికి సున్నా. దీనికి అచ్చు కింది భాగాన్ని పిండిన తడి గుడ్డతో తుడిచి, పైన మాత్రమే రంగు పెట్టి, బ్రష్షును అడ్డంగా మాత్రమే ఆడిస్తూ కొంచెం కొంచెం కిందికి దించాలి. నిలువుగా ఒక్కసారి లాగారంటే చార పడిపోతుంది.

ఆరోది బూడిద అచ్చు సమానంగా. ఇక్కడ ఒక కాగితాన్ని పక్కకు తీసి ఆరబెట్టి చూడండి, మెట్ల మధ్య తేడా తగ్గిందనిపిస్తే మిగతా రంగులను ఇప్పుడే సవరించాలి. ఏడు, ఎనిమిది ఎముకల సందులు, మొదట సమానంగా, తర్వాత పైకి చిక్కబడే బొకాషి. తొమ్మిది, పది స్తంభాల నీడ. పదకొండు బుద్ధుడి మీద పలుచని సియెనా, పన్నెండు ఒడి కింద, స్తూపం పక్కన చిక్కటి నీడ. పదమూడులో నడవలకు నీలం, అంబర్. పద్నాలుగులో వాటి మీద సుమి. నేరుగా సుమి వేస్తే చీకటి బొగ్గులా చచ్చిపోతుంది, కింద నీలం ఉంటే లోపల చోటున్నట్టు కనిపిస్తుంది. పదిహేనోది మళ్ళీ బూడిద అచ్చు, ఈసారి నేల నుంచి పైకి కరిగే బొకాషి.

నాలుగు, తొమ్మిది అద్దకాల్లో బారెన్ చుట్ట ఆనవాళ్ళు కొంచెం కనబడనివ్వండి. ఒత్తిడి పెంచి, గంజి తగ్గించి, వలయాలుగా రుద్దితే జరాజురి అనే గరుకు వస్తుంది. ఉలి దెబ్బలున్న రాతి గోడకు ఇంతకన్నా దగ్గరి పోలిక ఇంకేదీ లేదు.

చెడితే ఎందుకు చెడింది

నువ్వులు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే గంజి చాలలేదు, లేదా కాగితం ఆరింది. రాతి మీద ఇది కొంచెం ఉన్నా అందమే, బుద్ధుడి మీద మాత్రం వద్దు. రంగు గీత దాటి పాకితే కాగితం మరీ తడిగా ఉంది లేదా రంగులో నీళ్ళెక్కువ. అంచుల వెంట ముదురు గీత తేలితే అచ్చు చివర్లలో రంగు చేరింది, బ్రష్షు చివరి లాగుడు బయటికి ఉండాలి. కాగితం పీచు లేస్తే దోసా తక్కువ లేదా గంజి చిక్కన.

కెంతో అన్ని కాగితాలకూ ఒకే వైపు తప్పితే తప్పు అచ్చుది: గుర్తు గోడను వెంట్రుకంత చెక్కండి, లేదా కాగితం పేలిక అతికించి ముందుకు తేండి. ఒక్కో కాగితానికి ఒక్కోలా తప్పితే తప్పు చెమ్మది, అచ్చు జోలికి పోకండి, దొంతరను మళ్ళీ తడిపి రెండు గంటలు ఆగండి. ఈ తేడా గుర్తించక కెంతోను చెక్కేసి మొత్తం పలకను పాడుచేసుకోవడం కొత్తవాళ్ళ దగ్గర తరచూ జరుగుతుంది.

ఆరబెట్టడం, మళ్ళీ అద్దడం

ప్రింట్లను బ్లాటింగ్ కాగితాల మధ్య పేర్చి, పైన ప్లైవుడ్, దాని మీద ఐదారు కిలోల బరువు. రెండు గంటలకు బ్లాటింగ్ మార్చండి, తర్వాత రోజుకోసారి, రెండు రోజులు. దండెం మీద వేలాడదీస్తే అలలు పడి మళ్ళీ సాపు కావు. అచ్చులను మాత్రం కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. ఎండలో పెడితే ప్లైవుడ్ పొరలు విడిపోతాయి.

యోషిదా తన పర్యవేక్షణలో అద్దిన ప్రింట్ల అంచున జిజురి అని రెండక్షరాల ముద్ర వేసేవాడు, అంటే స్వయంగా అద్దినది. పాత ప్రింట్ కొనాలనుకునేవారు మొదట ఎడమ అంచులో వెతికేది దాన్నే. మీ ప్రింట్ మీద సంతకం పెన్సిల్‌తోనే చేయండి, పెన్ను సిరా వాషిలో పాకుతుంది.

అచ్చులు బాగున్నాయనిపిస్తే రెండో విడత వేరే పొద్దులో తీయండి. ఒకే అచ్చులతో రంగులు మార్చి పగలు, రాత్రి, పొగమంచు చూపించడాన్ని బెత్సుజురి అంటారు, యోషిదా పడవల బొమ్మల్లో, తాజ్‌మహల్‌లో చేసింది ఇదే. పదో గుహకు ఉదయం వెలుగు కావాలంటే గీత అచ్చు అలాగే ఉంచి, ఒకటో అచ్చు రంగులో ఓకర్ సగానికి తగ్గించి ప్రష్యన్ బ్లూ కొంచెం పెంచండి. పదకొండో అద్దకంలో సియెనా బదులు పలుచని బూడిద వేయండి. ఉత్త కాగితంగా వదిలిన చోట్ల మీద కూడా చివర్లో చాలా పలుచని నీలి బూడిదను, చెక్కని చదును పలకతో, ఒక్కసారి బొమ్మంతా అద్దండి. కిటికీలోంచి ఎండ ఇంకా రాని వేళ బుద్ధుడి నుదురు అంత మాత్రమే వెలుగుతుంది.